నోటిలెక్కతో కెమిస్ట్రీ

ఇంజినీరింగ్ ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. వాటిలో కెమిస్ట్రీవి 40. కాలిక్యులేటరును హాలులోకి రానివ్వరు. ఫార్ములా తెలిసీ భాగహారం దగ్గర చతికిలబడే పల్లె విద్యార్థులను వీధిబడినాటి పావు ఎక్కం ఆదుకోగలదు.

ఉదాహరణకు 5.8 గ్రాముల ఉప్పును నీటిలో కరిగించి 250 మిల్లీలీటర్ల ద్రావణం చేశారు. మొలారిటీ ఎంత? ఉప్పు అణుభారం 58.5. అందులో 5.8 దాదాపు పదో వంతు. అంటే 0.1 మోల్. ద్రావణం పావు లీటరు కనుక నాలుగుతో హెచ్చవేస్తే 0.4. కాగితంపై చేస్తే వచ్చేది 0.397.

అయితే 0.397, 0.400 రెండూ జవాబుల్లో ఉంటే ఉజ్జాయింపు ముంచుతుంది. అందుకే ముందు నాలుగు జవాబులూ చూడాలి. అవి దూరదూరంగా ఉంటేనే నోటిలెక్కకు దిగాలి. దశాంశ బిందువు జరిగితే మార్కు పోయినట్టే.