స్థూలకాయ శస్త్రచికిత్స: పిమ్మటి యేండ్లు



ఉప్పాడ తీరమున నివసించువారికి సముద్రపు కోత క్రొత్త సంగతి కాదు. గోడ కూలిననాడు మనము తుపానును నిందింతుము గాని, దాని పునాది క్రింది యిసుక అంతకు ఎన్నో యేండ్లనుండి పిడికెడు పిడికెడుగా జారిపోవుచునే యుండును. నేడు నేను ప్రసంగింపబోవు విషయమును అట్టిదే. స్థూలకాయమును తగ్గించుకొనుటకై ఇరువది ముప్పది యేండ్ల క్రిందట శస్త్రచికిత్స చేయించుకొన్నవారికి ఇప్పుడు కలుగుచున్న చిక్కులను గూర్చి నాలుగు మాటలు చెప్పెదను. ఇది పట్టణవాసుల ముచ్చట, పల్లెటూరి పెద్దలమైన మనకేల యని మీరనవచ్చును. నేనును అట్లే యనుకొంటిని.

మా అక్కగారి కుమార్తె చాలకాలము అమెరికాలో కాపురముండి వచ్చినది. ఆమెకు 1999 లో అచ్చట ఈ చికిత్స జరిగెను. మా యింటి పెండ్లిలో ఆమె విస్తరి యెదుట కూర్చుండి నాలుగు మెతుకులు కొరుకుచుండగా నాకు చిన్నతనమనిపించి, దగ్గర నిలిచి బూరెలును పరమాన్నమును వడ్డింపించితిని. మేనమామ మాట త్రోసివేయలేక ఆమె తిన్నది. పావుగంట గడువకముందే చెమటలు, గుండెదడ, కడుపులో మెలిక. ఆడవారు దిష్టి తగిలినదని ఉప్పును మిరపకాయలును దిగదుడిచిరి. "దిష్టి కాదు మామయ్యా, బూరె" అని యామె చాపమీద పడుకొనియే నవ్వినది. ఆ తప్పు నాది.

అతిస్థూలత రోగమని మనవారికి తెలియనిది కాదు. చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయములో ఎనమండుగురు నిందితులను చెప్పి, వారిలో అతిస్థూలునకు చికిత్స కృశించినవానికంటె కష్టమని నిర్ణయించిరి. ఆ కష్టమునకు కత్తితో ఉపాయము వెదకుట 1954 లో అమెరికాలో మొదలయ్యెను. ఇరువది అడుగుల చిన్నప్రేగులో సుమారు 18 అంగుళములు మాత్రమే పనిచేయునట్లు కుట్టి, తక్కినదానిని ప్రక్కకు తప్పించు పద్ధతి తరువాత బహుళముగా వ్యాపించెను. మనుష్యులు సన్నబడిరి, కాని కాలేయము చెడుట, మూత్రపిండములలో రాళ్లు కలుగుట, విడువని విరేచనములు చూచి వైద్యులే దానిని విడిచిపెట్టిరి. 1966 లో మేసన్ అను వైద్యుడు జీర్ణాశయమునకే అడ్డదారి వేసెను. 1980 ప్రాంతమున జీర్ణాశయమునకు కుట్టువేసి బిగువుపట్టీ చుట్టుటయు, అటుపిమ్మట గాలిసంచివలె బిగించి వదులుచేయదగిన సిలికాను పట్టీయు వచ్చినవి. పట్టీలు కొందరికి జారినవి, కొందరికి జీర్ణాశయపు గోడను ఒరసికొని లోనికి చొచ్చినవి. అట్టివానిని మరల తీయింపవలసివచ్చెను. ఈ చికిత్సవలన మధుమేహము తగ్గి ఆయువు పెరిగినవారు అనేకులు గలరు. కావున చేయించుకొన్నవారిని చూచి నోరు చప్పరింపరాదు.

మా మేనకోడలికి జరిగినది అడ్డదారి చికిత్స. జీర్ణాశయపు పైభాగమును ఒక ఔన్సు మాత్రము పట్టు సంచిగా వేరుచేసి, క్రిందినుండి ప్రేగును తెచ్చి దానికి కుట్టిరి. తీపి తిన్నచో అది నిలువక ఒక్కసారిగా ప్రేగులోనికి జారి, ఒడలిలోని నీటిని అచ్చటికి లాగును. ఆ చెమటలు, ఆ దడ అందువలననే. రెండు మూడు గంటల పిమ్మట రక్తములో చక్కెర పడిపోయి కన్నులు తిరుగుటయు కలదు. ఇది బాధయే గాని త్వరలో తీరును. నెమ్మదిగా జరుగు కోత వేరు.

గోదావరి కాలువల క్రింద సేద్యము చేయువారికి దీనిని వివరింపనక్కరలేదు. కాలువకు త్రోవ మార్చినచో పాత త్రోవలోని చేలు ఎండును. ఇనుము అన్నమునుండి రక్తములోనికి చేరునది ముఖ్యముగా చిన్నప్రేగు మొదటి భాగముననే. ఆ భాగమే ఇప్పుడు ప్రక్కకు పోయినది. కావున రక్తహీనత. మునగాకు మంచిదే గాని అదొక్కటే చాలదు. వైద్యుడు చెప్పిన మాత్ర వలయును. సున్నమునకు సంబంధించిన కాల్షియము మాత్రను దానితో కలిపి మ్రింగరాదు. రెండు గంటల యెడము ఉంచవలెను. కాల్షియమును డి విటమినును చాలనిచో ఎముకలు గుల్లబారును.

బి 12 అను విటమిను సంగతి మరింత గూఢము. కాలేయములో దాని నిలువ కొన్ని యేండ్లకు సరిపోవును. అందుచేత చికిత్స జరిగిన మూడేండ్లకో అయిదేండ్లకో గాని లోటు బయటపడదు. అరికాళ్ల తిమ్మిరి, తూలు నడక, మరపు కనబడగా మనము ముసలితనమందుము. ఇచ్చట మన జిల్లాల మహనీయు నొకరిని స్మరింపవలసియున్నది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 లో భీమవరమున జన్మించిరి. తిన్నయన్నము ఒంటబట్టనీయని స్ప్రూ అను వ్యాధిచే ఆయన సోదరులిరువురు మరణించిరి. ఆయనకును అది సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రతికిరి. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున 1945 లో ఫోలిక్ ఆమ్లము తయారయ్యెను. ఆ వ్యాధికే అది ఔషధమయ్యెను. అయితే ఒక్క హెచ్చరిక. బి 12 లోటు గలవారికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే యిచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడును, నరముల చేటు లోలోపల సాగుచునే యుండును. రెంటిని పరీక్షింపవలెను.

ఇక బెరిబెరి. ఇది మన తీరమునకు పాత పగ. ఉత్తర సర్కారులలో దీని విజృంభణమును గూర్చి మాల్కమ్సన్ అను వైద్యుడు 1835 లో మదరాసున గ్రంథమే ప్రకటించెను. తవుడు పోయిన తెల్లబియ్యముతో పోవునది బి 1 విటమిను. శస్త్రచికిత్స జరిగినవారికి దినముల తరబడి వాంతులైనచో ఇదియే తరిగి, చూపు రెండుగా కనబడుట, నడక తూలుట, మతి తప్పుట కలుగును. నీరసించినవారికి వెంటనే గ్లూకోజు సీసా ఎక్కించుట మన పల్లెల ఆచారము. బి 1 లేని శరీరమునకు ముందుగా గ్లూకోజు ఎక్కినచో మెదడునకు తీరని హాని కలుగవచ్చును. కావున మొదట బి 1 సూదిమందు, పిమ్మట గ్లూకోజు. సీసా వ్రేలాడదీయుటకు ముందే "ఈమెకు కడుపునకు శస్త్రచికిత్స జరిగినది" అని చెప్పగలవాడొకడు ప్రక్క నుండవలెను. ఆ మాట చెప్పవలసినవారము మనమే.

కడుపులో ఉన్నట్టుండి కత్తితో కోసినట్టు నొప్పి వచ్చినచో వాయువని వాము నీళ్లిచ్చి తెల్లవారువరకు చూడరాదు. ఎన్నేండ్లు గడచినను, కుట్టు వేసినచోట మిగిలిన సందులో ప్రేగు దూరి మెలివడవచ్చును. అట్టిదానికి గంటలే లెక్క. ఆ రాత్రియే కాకినాడకో, రాజమహేంద్రవరమునకో, శస్త్రవైద్యుడున్న చోటికి చేర్పవలెను. మోకాళ్ల నొప్పులకు అంగడిలో అడిగి తెచ్చుకొను మాత్రలు వీరికి విషప్రాయములు. కుట్టుచోట పుండుపడి రక్తము కారును. పొగచుట్టయు అట్టిదే. మద్యము వీరికి వడిగా తలకెక్కును. చికిత్సానంతరము దానికి దాసులైనవారును కలరు.

వేరొక చిక్కు గలదు. ముప్పది యేండ్ల క్రిందట కడుపు కోయించుకొన్నవారిలో కొందరికి తమకు జరిగినది పట్టీయో, కుట్టో, అడ్డదారియో తెలియదు. తెలిసినచో వైద్యుని పని సగమగును. పాత ఆసుపత్రి కాగితములు పెట్టెలలో నున్నచో వెదకి తీయింపుడు. ఏటేట రక్తపరీక్ష చేయించుటకు అదియే ఆధారము.

మా మేనకోడలు తన చికిత్స పేరు, సంవత్సరము, వాడు మందులు, పనికిరాని మందులు ఒక కాగితముపై తెలుగునను ఇంగ్లీషునను వ్రాసి చేతిసంచిలో నుంచుకొన్నది. ఒక ప్రతి నాకిచ్చినది. దానిని పంచాంగములో నుంచితిని, తిథి చూచుకొనునప్పుడెల్ల కంటబడునని. ఇప్పుడామె మా యింటికి వచ్చినచో చిన్న గిన్నెలో ముందు పప్పును చేపముక్కయు వడ్డింతుము, అన్నము పిమ్మట. నీరు భోజనమైన అరగంటకు. "ఇంకొంచెము" అను మాట నా నోట వచ్చునేమోయని మా యింటిది నావైపు చూచుచుండును.