పరిశోధన ఫలించుటకు అధిపతి చేయదగిన పని

విశ్వవిద్యాలయములలో పరిశోధన పెంపొందుటకు అధిపతుల ప్రోత్సాహము కారణమందురు. ఆ ప్రోత్సాహ మెట్టిదో తెలిసికొనుటకు మేము కలకత్తా చరిత్రను గైకొనుచున్నాము.

అశుతోష్ ముఖర్జీ అచ్చట 1906-14, 1921-23 సంవత్సరములలో ఉపాధ్యక్షుడు. నడుమ పదవి లేకున్నను ఆయన మాట చెల్లుచునే యుండెను. 1916లో పాతికేండ్లు నిండని మేఘనాథ సాహా, సత్యేంద్రనాథ బోసులు విజ్ఞాన కళాశాలలో ఉపన్యాసకులైరి. నవీన భౌతికశాస్త్రమును బోధించు భారము వారిపై బడెను. అది వారికిని కొత్తయే. యుద్ధకాలమున జర్మను గ్రంథములు దొరకుట దుర్లభము. బోధించుటకై నేర్చుకొనిరి, నేర్చుకొనుచు పరిశోధనలో దిగిరి. సాపేక్షతా సిద్ధాంత వ్యాసములకు వారు చేసిన యాంగ్లానువాదమును విశ్వవిద్యాలయమే 1920లో ప్రకటించెను. సాహా అయనీకరణ సిద్ధాంతము వెలువడినదియు ఆ యేడే.

రామన్‌ను పాలిత్ పీఠమునకు పిలిచినపుడు విదేశశిక్షణ నిబంధన అడ్డువచ్చెను. ఆయన పోనొల్లలేదు, నిబంధనయే తొలగెను. హెచ్చు జీతపు ప్రభుత్వోద్యోగమును వదలి ఆయన 1917లో చేరెను. అయితే 1928 నాటి రామన్ పరిణామము వెలువడినది విజ్ఞానాభివర్ధన సంఘపు ప్రయోగశాలలో. అశుతోషుడు 1924లోనే గతించెను. కావున కీర్తి యంతయు ఆయనకే కట్టబెట్టుట సరి కాదు.

ఆయన 1921లో తత్త్వశాస్త్రపీఠమునకు ఎన్నుకొనిన రాధాకృష్ణన్ 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షుడయ్యెను. ఆయన కాలముననే, 1933లో, శేషాద్రి వాల్తేరు చేరి, పుష్పవర్ణద్రవ్యముల రసాయనమున శిష్యులను తీర్చెను.

మన శాఖలలో కొత్త యుపన్యాసకునకు మొదటి యేట అప్పగించునవి హాజరు పట్టీలును, జవాబు పత్రములును; ఏడాది చివర అడుగునది వ్యాసముల సంఖ్య.