మడి నీళ్ళలో మెలికల క్రిమి

నాట్లు వేసేవాళ్ళు, కలుపు తీసేవాళ్ళు తెల్లారి మడిలో దిగితే పొద్దు వాలేదాకా ఆ నీళ్ళలోనే. ఆ నీళ్ళలో కంటికి కనపడని జీవి ఒకటి ఉండవచ్చు. దాని పేరు లెప్టోస్పైరా. దారాన్ని మెలిపెట్టి కొస వంచినట్టు ఉంటుంది. ఎలుకలు, పందికొక్కులు, గొడ్ల మూత్రంతో నీటిలో, బురదలో కలుస్తుంది. నాని పగిలిన పాదాల గుండా ఒంట్లోకి పోతుంది. ఎలుక జ్వరం దీనివల్ల వచ్చేదే.

ఈ రోగం చరిత్ర కష్టజీవుల చరిత్ర. దీన్ని 1886లో జర్మన్ వైద్యుడు వైల్ వర్ణించాడు. కారణమేమిటో అప్పటికి తెలియదు. 1915లో జపాన్ వైద్యులు ఇనడా, ఇడో ఈ క్రిమిని పట్టుకున్నది బొగ్గుగని కార్మికుల్లోనే. అదే ఏడాది జర్మన్ వైద్యులు యుద్ధ కందకాల్లోని సైనికుల్లో దీన్ని చూశారు. ప్రపంచంలో ఏటా సుమారు 10 లక్షల మందికి ఈ జబ్బు వస్తోందనీ, 58,900 మంది చనిపోతున్నారనీ 2015లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు.

అయితే నీళ్ళలో ఉన్న మెలికల క్రిములన్నీ చంపేవి కావు. ఏది ఏదో తేల్చడమెట్లా? చెరువు నీళ్ళో, బురదో తెచ్చి అతి సన్నని రంధ్రాల వడపోతలో పోస్తారు. ఈ క్రిమి మందం మిల్లీమీటరులో పది వేలో వంతే గనుక ఇది జారిపోతుంది, తక్కినవి చాలామటుకు ఆగిపోతాయి. దాన్ని వారాల తరబడి పెంచుతారు. చూపుకు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. అందుకని వాటి జన్యుపదార్థం మొత్తాన్ని చదివి పోలుస్తారు. పోలిక సుమారు 95 శాతానికి తగ్గితే వేరే జాతి కింద లెక్క. 2019లో మలేసియా, జపాన్, అల్జీరియా మొదలైన దేశాల మట్టినీ నీటినీ ఇట్లా పరీక్షించి 30 కొత్త జాతులు కనిపెట్టారు. దాంతో లెక్క 64కు చేరింది. వాటిని నాలుగు శాఖలుగా విడదీశారు. రోగం తెచ్చేవి కొన్ని శాఖల్లో ఉంటే, నీళ్ళలో తమ బతుకు తాము బతికేవి మిగతా శాఖల్లో ఉన్నాయి.

ఈ పేర్ల గొడవ కూలివాడికెందుకు అనవచ్చు. ఎందుకంటే, రోగిని పరీక్షించే ముఖ్యమైన పద్ధతి ఒకటుంది. అందులో రకరకాల బతికిన క్రిములను రోగి రక్తరసంతో కలిపి, అవి ముద్దకడతాయా లేదా చూస్తారు. మన ప్రాంతపు రకం ఆ పెట్టెలో లేకపోతే జబ్బున్నా ‘లేదు’ అని రావచ్చు. మన మడులనూ మన ఎలుకలనూ ఎవరూ పరీక్షించకపోతే మన రకం ఆ పెట్టెలోకి చేరేదెట్లా?

జ్వరం, తలనొప్పి, పిక్కల నొప్పి, కళ్ళెర్రబడడం దీని గుర్తులు. మొదట్లోనే పట్టుకుంటే డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ వంటి మామూలు మందులకే లొంగుతుంది. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం కావచ్చు. కనుక నీళ్ళలో పనిచేసి జ్వరపడ్డవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 జాబితాలో ఇది వృత్తి రోగం. అంటే పనివల్ల వచ్చిన జబ్బు, కూలివాడి ఖర్మ కాదు. మేము కోరేది మూడే: ప్రతి మండలంలో రక్తపరీక్ష అందాలి, స్థానిక నీటినీ ఎలుకలనూ పరీక్షించి రకాలు తేల్చాలి, నీళ్ళలో దిగే ప్రతి కూలీకి బూట్లివ్వాలి. ఈ మూడింటినీ కూలి సంఘాలు తమ కోర్కెల పత్రంలో చేర్చాలి.