మీకు తెలుసా? ఎన్నికల పందెం సొమ్ము కోర్టుకెక్కినా రాదు

2024లో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ మే 13న ముగిసింది. లెక్కింపు జూన్ 4న. దేశమంతటా చివరి విడత పూర్తయ్యేదాకా, అంటే జూన్ 1 సాయంత్రం దాకా, ఎగ్జిట్ పోల్స్ బయటపెట్టకూడదు. ఆ ఖాళీలోనే పందేలు ముదిరాయి. గెలుపోటముల మీదే కాదు, మెజారిటీ అంకె మీద కూడా కాశారు.

హిందూపురం లోక్‌సభ స్థానం పరిధిలోని మూడు అసెంబ్లీ సీట్లనే చూడండి. హిందూపురంలో బాలకృష్ణ 32,597 ఓట్లతో, పెనుకొండలో సవిత 33,388 ఓట్లతో గెలిచారు. మూడూ ఒకే కూటమికి దక్కినా, ధర్మవరంలో సత్యకుమార్ ఆధిక్యం 3,734 మాత్రమే! అక్కడ మెజారిటీ అంకె ముందే చెప్పగలమనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే తెలుస్తుంది.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచినవాడు సొమ్ము కోసం దావా వేయలేడు. పందేనికని మధ్యవర్తి దగ్గర పెట్టిన డబ్బుకైనా ఇదే వర్తిస్తుంది. కాగితం మీద సంతకాలు, సాక్షులు ఉన్నా అంతే. అరుగు మీద కూర్చుని ఎవరు గెలుస్తారో తెల్లవార్లూ వాదించుకోండి, అది పౌరుడి హక్కు. పొలం, బంగారం మాత్రం ఒడ్డకండి.