సంతకం పడ్డాక తప్పు దిద్దడం ఎలా?

బడి రిజిస్టరులో పేరు తప్పు పడితే కొట్టివేసి, పక్కన సరిగా రాసి, పొట్టి సంతకం చేస్తారు కదా! మరి డిజిటల్ సర్టిఫికెట్‌లో తప్పు దొర్లితే?

ఒక కంప్యూటర్ తానెవరో మరో కంప్యూటర్‌కు రుజువు చేసుకునే పత్రమే ఇది. కొన్ని సంస్థలు తమ యంత్రాలకు తామే వీటిని జారీ చేసుకుంటాయి. దానిమీది సంతకం సిరా గీత కాదు. పత్రంలోని ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకొని, జారీ చేసేవారి రహస్య సంఖ్యతో కట్టిన పెద్ద సంఖ్య. ఒక్క అక్షరం మార్చినా లెక్క తప్పుతుంది. అందుచేత పేరో, గడువు తేదీయో తప్పయితే కొత్త వరుస సంఖ్యతో మరో పత్రం ఇచ్చి, పాత సంఖ్యను 'రద్దు జాబితా'లో చేర్చాలి.

అంతటితో సరా? కాదు! 2001 జనవరిలో, బయటివారికి సర్టిఫికెట్లు జారీ చేసే వెరిసైన్ సంస్థ, మైక్రోసాఫ్ట్ ఉద్యోగినని నమ్మించిన మోసగాడికి ఆ కంపెనీ పేర రెండు సర్టిఫికెట్లు ఇచ్చింది. తర్వాత రద్దు చేసింది. కాని రద్దు జాబితా ఎక్కడుందో ఆ పత్రాల్లో లేదు! కంప్యూటర్లు దాన్ని వాటంతటవి వెతకలేకపోయాయి. చివరకు మైక్రోసాఫ్ట్ ప్రత్యేక సవరణ విడుదల చేయవలసి వచ్చింది.

అందుకే సొంతంగా జారీ చేసేవారు కూడా, మొదటి పత్రం నుంచే జాబితా చిరునామాను అందులో చేర్చాలి. రద్దయిన కబురు చూసేవారికి అందితేనే తప్పు దిద్దినట్లు!