టైరు బరువు కాదు... లాగుడు చూడండి!

తెల్లవారుజాము. ఊరి చివర బడి మైదానం. నడుముకు తాడు, తాడు చివర పాత టైరు. ఈల మోగగానే కుర్రాడు ఒక్క ఉదుటున ముందుకు దూకుతాడు. వెనకాలే టైరు దుమ్ము లేపుకుంటూ వస్తుంది. పోలీసు ఉద్యోగానికో, ఆర్మీకో, జిల్లా పోటీలకో సిద్ధమయ్యే పిల్లలున్న ఏ ఊళ్లోనైనా కనిపించే దృశ్యమే ఇది.

ఆ కుర్రాణ్ని ఆపి, 'ఎంత లాగుతున్నావు తమ్ముడూ?' అని అడగండి. 'ఇరవై కిలోలన్నా!' అంటాడు ఠక్కున. నిజమే, టైరును కాటా మీద పెడితే ఇరవై కిలోలే తూగొచ్చు. కానీ అతని కాళ్లు లాగుతున్నది ఇరవై కిలోలు కాదు. పది కావచ్చు, పద్నాలుగు కావచ్చు. నిన్న ఒకటి, రాత్రి వాన పడింది కాబట్టి ఇవాళ ఇంకొకటి కావచ్చు! అతను తూచింది టైరును. తూచాల్సింది లాగుడును.

ఏమిటీ తేడా? పరుగు నేర్చుకునే పిల్లలకు అది ఎందుకంత ముఖ్యం?

నేల మారితే లెక్క మారె!

సంగారెడ్డి జిల్లా సిర్గాపూర్‌నే తీసుకోండి. నారాయణఖేడ్‌కు దగ్గర్లోని ఈ ఊరు 2016లో జిల్లాల పునర్విభజనతో మండల కేంద్రమైంది. ఈ ప్రాంతంలో ఒకచోట ఎర్రమట్టి ఉంటే, మరోచోట నల్లరేగడి. ఎండిన ఎర్రమట్టి మీద జరజరా జారే టైరే, తడిసిన నల్లరేగడిలో కాళ్లకు సంకెళ్లేసినట్లు కూరుకుపోతుంది. టైరు అదే, తాడు అదే. మారింది నేల... దాంతోపాటు రాపిడి.

నేల మీద జారే వస్తువును లాగేటప్పుడు మనం దాని బరువును మోయం. ఆ బరువు వల్ల పుట్టే రాపిడితోనే పోరాడతాం. అది వస్తువు బరువులో కొంత భాగమే. ఆ భాగాన్ని చెప్పే అంకెనే 'ఘర్షణ గుణకం' అంటారు. పదో తరగతి దాటినవాళ్లు ఎక్కడో విన్న మాటే. సింథటిక్ ట్రాక్ మీద అథ్లెట్లు లాగే ఇనుప స్లెడ్‌లకు ఈ అంకె దాదాపు 0.3 నుంచి 0.5 దాకా ఉంటుందని పరిశోధకుల కొలతలు చెబుతున్నాయి. అంటే స్లెడ్ మీద ఇరవై కిలోలున్నా, కాళ్లకు తగిలేది ఆరు నుంచి పది కిలోలే. అదీ వేగాన్ని బట్టి కొంత మారుతుంది.

హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన గచ్చిబౌలి స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది. సిర్గాపూర్ నుంచి అక్కడికి వంద కిలోమీటర్ల పైమాటే. ఆ ట్రాక్ మీద శిక్షణ ఇచ్చే కోచ్ 'ఇరవై కిలోలు పెట్టు' అంటే, అదే మాట పట్టుకుని ఊరి మైదానంలో ఇరవై కిలోల టైరు కట్టుకుంటే... అక్కడి వ్యాయామం ఇక్కడ అదే వ్యాయామం కాదు. రెట్టింపు కూడా కావచ్చు!

పాయింట్ ఒకటి... రికార్డు మాయం!

పరుగులో చిన్న కొలత ఎంత పని చేస్తుందో తెలియాలంటే మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని గుర్తు చేసుకోవాలి. సెక్యూరిటీ గార్డు కూతురైన జ్యోతి, 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో ముగించింది. అనురాధా బిశ్వాల్ పేరిట 2002 నుంచీ చెక్కుచెదరకుండా ఉన్న 13.38 సెకన్ల జాతీయ రికార్డు బద్దలైనట్లే! కానీ కాలేదు. వెనక నుంచి వీచే గాలి వేగం సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డుగా లెక్కించరు. ఆ రోజు నమోదైన గాలి... 2.1 మీటర్లు!

జ్యోతి కుంగిపోలేదు. మరుసటి నెలలోనే సైప్రస్‌లో 13.23 సెకన్లతో రికార్డును తన పేరిట రాయించుకుంది. 2023లో దాన్ని 12.78కి తెచ్చింది. ఆ ఏడాదే ఆసియా ఛాంపియన్ అయింది.

గాలి సాయాన్ని పదో వంతు మీటరు దాకా కొలిచే ఆట ఇది. మరి శిక్షణలో కాళ్లకు అడ్డంపడే బలాన్ని 'సుమారుగా' అని వదిలేస్తే ఎలా?

కొక్కెం కాటా చాలు

దీనికి లక్షలు పోసి యంత్రాలు కొనక్కర్లేదు. పత్తి కొనేవాళ్లు, పాత ఇనప సామాను వాళ్లు కొక్కేనికి వేలాడదీసి తూచే కాటా ఉంటుంది చూశారా... అది చాలు. స్ప్రింగుదైనా, అంకెలు చూపే డిజిటల్‌దైనా సరే. విప్పని పది కిలోల బియ్యం సంచి తగిలించి, పదే చూపిస్తోందో లేదో ముందు సరిచూసుకోవాలి.

తర్వాత తాడుకూ టైరుకూ మధ్య ఆ కాటాను తగిలించాలి. పరుగు సాధన చేసే నేల మీదే, ఒకరు తాడును నడుము ఎత్తులో పట్టుకుని ఒకే వేగంతో నడుస్తూ లాగాలి. పక్కన నడిచేవాళ్లు అంకె చూసి రాసుకోవాలి. టైరు కదిలే క్షణంలో అంకె ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆగిన బండిని కదిలించడమే కష్టం, కదిలాక తేలిక కదా! అందుకే మొదటి అంకెను వదిలేసి, సాఫీగా కదులుతున్నప్పటి అంకెనే తీసుకోవాలి. నాలుగుసార్లు లాగి సగటు చూసుకుంటే మంచిది.

ఉదాహరణకు, ఇరవై కిలోల టైరుకు కాటా పన్నెండు చూపిందనుకోండి. పన్నెండును ఇరవైతో భాగిస్తే 0.6. ఆ రోజుకు, ఆ నేలకు, ఆ టైరుకు అదే లెక్క. పరుగెత్తేటప్పుడు ఇది కాస్త అటూఇటూ కావచ్చు. అయినా ఊహ కన్నా ఎంతో నయం. వాన పడినా, మైదానం మారినా మళ్లీ కొలవాలి.

తాడు పొడవునూ మర్చిపోకూడదు. తాడు పొట్టిగా ఉంటే అది టైరు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. నేల మీద బరువు తగ్గి లాగుడూ తగ్గుతుంది. అందుకే కొలిచేటప్పుడూ, పరుగెత్తేటప్పుడూ ఒకే పొడవు తాడు వాడాలి.

గొడుగుదో లెక్క, రబ్బరుదో లెక్క

టైరు ఒక్కటేనా? నడుముకు చిన్న పారాచూట్ కట్టుకుని పరుగెత్తేవాళ్లను టీవీలో చూసే ఉంటారు. దాని తీరే వేరు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. నెమ్మదిగా పరుగెత్తినప్పుడు రెండు కిలోలు లాగేది, రెట్టింపు వేగంలో ఎనిమిది కిలోలు లాగుతుంది. అంటే పరుగు మొదట్లో ఉందో లేదో తెలియదు, వేగం అందుకున్నాకే వెనక్కి గుంజుతుంది. మొదటి అడుగుల బలం కోసం దీన్ని కట్టుకుంటే లాభం లేదన్నమాట.

రబ్బరు ట్యూబు ఇందుకు భిన్నం. సాగినకొద్దీ బిగుస్తుంది. దాని మీద అచ్చువేసిన అంకె ఎంత సాగదీస్తే వచ్చేదో చూడాలి. కొక్కెం కాటా తగిలించి మీటరు, రెండు మీటర్లు, మూడు మీటర్లు సాగదీసి, ఒక్కోచోట ఎంత చూపిందో రాసుకుంటే సరి. ఎండకు పాతబడిన రబ్బరు పట్టు తప్పుతుంది, తెగి మొహాన కొట్టే ప్రమాదమూ ఉంది. పగుళ్లు కనిపిస్తే పారేయడమే.

ఏ పరికరమూ లేదా? మిట్ట ఉంది కదా! ఇరవై మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు పెరిగే దారిలో అరవై కిలోల మనిషిని వెనక్కి లాగే బలం దాదాపు మూడు కిలోలు. ఆ ఎత్తును ఇళ్లు కట్టే మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో కొలవొచ్చు. వాన కురిసినా, ఎండ కాసినా ఈ లెక్క మారదు.

ఇక పెద్ద శిక్షణ కేంద్రాల్లో స్వీడన్‌లో తయారయ్యే '1080 స్ప్రింట్' లాంటి మోటారు యంత్రాలుంటాయి. తాడును ఎంత బలంతో పట్టి ఉంచాలో ముందే చెప్పొచ్చు. అథ్లెట్ వేగాన్నీ, బలాన్నీ క్షణక్షణం రాసిపెడతాయి. ధర లక్షల్లోనే. కొక్కెం కాటా, స్టాప్‌వాచ్ కలిసి చేసేది స్థూలంగా అదే పని!

ఎంత లాగాలి?

లాగుడు తెలిసింది. మరి ఎంత పెట్టాలి? దీనికి జవాబు చెప్పేది స్టాప్‌వాచ్. బాగా వేగం అందుకున్నాక ఇరవై మీటర్ల దూరాన్ని బరువు లేకుండా ఒకసారి, టైరుతో ఒకసారి పరుగెత్తాలి. ఉత్తగా 2.5 సెకన్లు, టైరుతో 2.78 సెకన్లు పట్టిందనుకోండి. వేగం పది శాతం తగ్గినట్లు. పరుగు తీరు చెడకూడదంటే ఈ పది శాతం గీత దాటొద్దని కోచ్‌లు చాలాకాలంగా చెబుతూ వచ్చారు. దాటితే నడుము వంగిపోతుంది, అడుగులు పొట్టివవుతాయి.

అయితే ఈమధ్య పరిశోధనలు ఇంకో సంగతీ చెబుతున్నాయి. మొదటి అడుగుల్లో నేలను వెనక్కి తన్నే బలం పెరగాలంటే బాగా ఎక్కువ బరువూ పనికొస్తుందట. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ బెనువా మొరాన్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఫుట్‌బాల్ ఆటగాళ్లతో వాళ్ల శరీర బరువులో 80 శాతం బరువున్న స్లెడ్‌లు లాగించింది. ముందుకు తోసే బలం పెరిగినట్లు గమనించింది. కానీ వాళ్లు శిక్షణలో ఉన్న ఆటగాళ్లు. అది చదివి ఎదిగే పిల్లాడి నడుముకు ట్రాక్టర్ టైరు కట్టడం తగదు. ఏ బరువు ఎందుకో చెప్పగల వ్యాయామ ఉపాధ్యాయుడో, కోచో పక్కన ఉండాల్సిందే.

ఒక్క కండరం... ఒక్క ఏడాది

ఇదంతా ఎందుకంటారా? తెలంగాణలో 2018 కానిస్టేబుల్ ఎంపికల్లో పురుషులకు 100 మీటర్లను 15 సెకన్లలో పరుగెత్తే పరీక్ష ఉండేది. 2022 నోటిఫికేషన్‌లో 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో ముగించమన్నారు. పరీక్షకు రెండు వారాల ముందు అడ్డగోలు బరువు లాగి తొడ వెనక కండరం పట్టేస్తే... పోయేది ఒక్క పరుగు కాదు. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో! కూలి పనులు చేసి చదివించిన అమ్మానాన్నల ఎదురుచూపూ అంతే పొడవవుతుంది.

వరంగల్ దగ్గర కల్లెడలో కూలీల ఇంట పుట్టిన దీప్తి జీవాంజి 2024లో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లతో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం అందుకుంది. బంగారానికీ ఆమెకూ మధ్య తేడా 0.66 సెకను. ఊరి పిల్లల కాళ్లలో సత్తాకు కొదవ లేదు. ఆ సత్తాను సరైన లెక్కలో పెంచుకుంటూ పోవడమే కావాలి.

అందుకే రేపు పొద్దున మైదానానికి వెళ్లేటప్పుడు టైరుతోపాటు ఒక కొక్కెం కాటా, ఓ నోటుపుస్తకం కూడా పట్టుకెళ్లమనండి మీ పిల్లలను. తేదీ, నేల తడో పొడో, కాటా చూపిన అంకె, స్టాప్‌వాచ్ చెప్పిన సమయం... నాలుగు ముక్కలు రాసుకుంటే చాలు. నెల తిరిగేసరికి పేజీ తిప్పి చూస్తే, అదే లాగుడుకు సమయం తగ్గిందో లేదో ఆ పుస్తకమే చెబుతుంది!