కారులోని తీయని వాసన: హీటర్ కోర్ కారినచో కలుగు ప్రమాదములు

చలిదేశములలో కారు నడపువారికి అప్పుడప్పుడు ఒక అనుభవము కలుగుచుండును. బయట మంచు కురియుచుండును. హీటరు వేయగానే వెచ్చని గాలితోపాటు బెల్లపు పాకమును తలపించు ఒక తీయని వాసన వచ్చును. కొంతసేపటికి ముందు అద్దమునకు లోపలివైపున పలుచని మసక పట్టును. గుడ్డతో తుడిచినచో అది పోవుటకు బదులు జిడ్డువలె అద్దమంతట పరచుకొనును. ముందు సీటులో కూర్చున్నవారి కాళ్లక్రింద తివాచీ తడిసియుండును.

తీయని వాసన, జిడ్డు మసక, తడిసిన తివాచీ, ఈ మూడు గుర్తులు కలిసి కనబడినచో కారులోని హీటర్ కోర్ కారుచున్నదని చాలవరకు నిశ్చయింపవచ్చును. ఇట్టి కారులో ప్రయాణము చేయుట ఆరోగ్యమునకు హానియా? హాని యైనచో అది ఎట్టిది, ఎంతటిది? డిట్రాయిట్, షికాగో, మినియాపొలిస్ వంటి నగరములకు చదువుకో ఉద్యోగమునకో వెళ్లి, పాత కారు కొనుక్కొని నడపు తెలుగు యువకులకు ఇది కేవలము పుస్తకములోని ప్రశ్న కాదు. మన దేశమున తిరుగు కార్లలో కూడ ఈ భాగము సాధారణముగా ఉండును గనుక మనకును ఇది తెలియదగినదే.

లోపలి చిన్న రేడియేటరు

ఇంజనులో పెట్రోలు మండగా పుట్టు శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే కారును నడుపుటకు ఉపయోగపడును. మిగిలినదంతయు ఉష్ణరూపమున వ్యర్థమగును. అందులో కొంత పొగతో బయటికి పోవును. కొంత ఇంజను గోడలను కాచును. ఈ గోడలు మితిమీరి వేడెక్కకుండ వాటి చుట్టును ఒక ద్రవము నిరంతరము ప్రవహించుచుండును. దీనినే కూలెంట్ అందురు. ఇది ఇంజను వేడిని గ్రహించి, కారు ముందుభాగమున ఉన్న రేడియేటరులో గాలికి ఆ వేడిని విడిచి, చల్లబడి తిరిగి వచ్చును. పనిచేయుచున్న ఇంజనులో ఈ ద్రవపు ఉష్ణోగ్రత సుమారు 90 డిగ్రీల సెంటిగ్రేడు ఉండును.

ఈ వేడి ద్రవములో కొంత భాగమును రెండు రబ్బరు గొట్టముల ద్వారా కారు లోపలికి మళ్లించి, డాష్‌బోర్డు వెనుక అమర్చిన చిన్న రేడియేటరు గుండ ప్రవహింపజేయుదురు. అదియే హీటర్ కోర్. ఒక ఫ్యాను దీనిమీదుగా గాలిని ఊదగా ఆ గాలి వేడెక్కి మన కాళ్లపైకిని, ముందు అద్దముపైకిని వచ్చును. వృథాగా పోవలసిన వేడినే మనము వాడుకొనుచున్నాము. చాల కార్లలో హీటరు వేయకున్నను ద్రవము కోర్ గుండ ప్రవహించుచునే ఉండును. గాలిని అటు మళ్లించు తలుపు మాత్రమే మూయబడియుండును. అందుచేత హీటరు అవసరమే లేని హైదరాబాదు ఎండలలో కూడ కోర్ కారుటకు అవకాశము కలదు.

ఇంకొక విషయము గమనింపదగినది. ఈ ద్రవము మూతవేసిన మార్గమున, వాతావరణ పీడనము కన్న ఎక్కువ పీడనము క్రింద ఉండును. మన ఇండ్లలోని ప్రెషర్ కుక్కరు సూత్రమే ఇక్కడను పనిచేయుచున్నది. పీడనము పెరిగినచో మరుగు స్థానము పెరుగును. కుక్కరులో నీరు సుమారు 120 డిగ్రీల వరకు మరుగదు. కాబట్టి హీటర్ కోర్‌లో సన్నని రంధ్రము పడినచో ద్రవము ఊరక కారుట మాత్రమే కాదు, పీడనము వలన సన్నని తుంపరగా వెలికి చిమ్మును. ఆ తుంపర ఫ్యాను గాలిలో కలిసి మన ముఖము మీదికి వచ్చును.

ఆ ద్రవములో ఏమున్నది?

నీరు సున్న డిగ్రీలవద్ద గడ్డకట్టును. గడ్డకట్టునపుడు దాని ఘనపరిమాణము సుమారు 9 శాతము పెరుగును. ఈ వ్యాకోచమునకు ఇనుప ఇంజను గోడలు సైతము పగులును. దీనిని నివారించుటకు నీటిలో ఎథిలీన్ గ్లైకాల్ అను పదార్థమును కలుపుదురు. రెండును సమభాగములుగా కలిపినచో ఆ మిశ్రమము సున్నకు దిగువ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. మరుగు స్థానము కూడ కొంత పెరుగును గనుక వేడి దేశములలోను ఇది ప్రయోజనకరమే.

ఎథిలీన్ గ్లైకాల్‌ను మొదట 1856లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు వుర్ట్జ్ తయారుచేసెను. దీని లక్షణములు గ్లిసరినుకును ఆల్కహాలుకును నడిమిగా ఉన్నవని గ్రహించి, ఆ రెండు పేర్లను కలిపి గ్లైకాల్ అని పేరు పెట్టెను. ఇది రంగులేని, చిక్కని, తీయని ద్రవము. 197 డిగ్రీలవద్దగాని మరుగదు. కారులో పోయు ద్రవమునకు ఆకుపచ్చ, ఎరుపు, నీలము, నారింజ మొదలగు రంగులను తయారీదారులు కలుపుదురు. లోహము తుప్పుపట్టకుండ కొన్ని లవణములను గూడ చేర్చుదురు. ఈ రక్షక పదార్థములు కాలక్రమమున నశించును. అప్పుడు ద్రవమును మార్చకున్నను, బోరుబావులలోని ఉప్పునీటిని పోయుచున్నను కోర్ గొట్టములు లోపలినుండి తినివేయబడి చివరకు చిల్లుపడును.

కడుపులోనికి పోయినచో

ఎథిలీన్ గ్లైకాల్ త్రాగినచో ఘోరమైన విషము. అయితే విచిత్ర మేమనగా, హానిలో అధికభాగము గ్లైకాల్ వలన గాక, మన శరీరము దానిని మార్చు విధానము వలన కలుగుచున్నది. కాలేయములోని ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అను ఎంజైము దానిపై పనిచేయుటతో మొదలై, ఒకదాని తరువాత ఒకటిగా మార్పులు జరిగి గ్లైకాలిక్ ఆమ్లము, కడపట ఆక్సాలిక్ ఆమ్లము ఏర్పడును. మొదటిది రక్తపు ఆమ్లతను ప్రమాదకరముగా పెంచును. రెండవది రక్తములోని కాల్షియముతో కలిసి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికములుగా మారి మూత్రపిండములను చెడగొట్టును. త్రాగినవాడు మొదటి కొన్ని గంటలలో మద్యము సేవించినవానివలె తూలును. తరువాత శ్వాసయు గుండెయు దెబ్బతినును. ఒకటి రెండు దినములలో మూత్రపిండములు పనిచేయుట మానును.

శరీరపు బరువు కిలోగ్రాముకు సుమారు 1.4 మి.లీ. శుద్ధ గ్లైకాల్, చికిత్స జరుగనిచో, ప్రాణాంతకము కాగలదు. 10 కిలోల బరువుగల పసిబిడ్డకు ఇది 14 మి.లీ. మాత్రమే. సమభాగముల మిశ్రమములో నైనచో 28 మి.లీ., అనగా సుమారు రెండు పెద్ద చెంచాలు. తీయగా ఉండుటచేత పిల్లలును కుక్కలును దీనిని ఇష్టముగా నాకుట కలదు. ఈ కారణముననే అమెరికాలో చేదు పదార్థమును కలుపుటకు 2012లో ఉత్పత్తిదారులు స్వచ్ఛందముగా అంగీకరించిరి. కాబట్టి తివాచీమీద నిలిచిన తడిని చిన్న విషయముగా భావింపరాదు.

దీనికి చికిత్స కలదు. ఆ ఎంజైమును అడ్డుకొనినచో గ్లైకాల్ విషముగా మారక మూత్రము ద్వారా వెడలిపోవును. ఫోమెపిజోల్ అను మందు ఈ పనినే చేయును. అవసరమైనచో డయాలిసిస్ ద్వారా రక్తమును శుద్ధిచేయుదురు. అయితే ఇవన్నియు ఆసుపత్రిలో త్వరగా జరుగవలసిన పనులు. బిడ్డ బాగుగనే కనబడుచున్నాడు గదా యని వేచియుండుట ప్రాణాపాయము.

పీల్చినచో

మరి వాసన పీల్చినవాని గతి యేమి? ఇక్కడ భయపడుటకు ముందు లెక్కవేసి చూడవలెను. గ్లైకాల్ మరుగు స్థానము నీటికన్న చాల ఎక్కువ గనుక అది సులభముగ ఆవిరి కాదు. గాలిలోనికి వచ్చునది చాలవరకు నీటి ఆవిరియు, సన్నని తుంపరయు. 1974లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కొందరు మనుష్యులు దాదాపు ఒక మాసము, దినమునకు 20 గంటలకు పైగా గ్లైకాల్ తుంపర కలిసిన గాలిని పీల్చిరి. ఘనమీటరు గాలిలో 67 మి.గ్రా. వరకు ఉన్నపుడు గొంతు మంట, స్వల్పమైన తలనొప్పి తప్ప తీవ్రమైన హాని కనబడలేదు. 140 మి.గ్రా. వద్ద మంట స్పష్టమాయెను. 200 మి.గ్రా. దాటినపుడు వారు భరింపలేకపోయిరి.

కూర్చున్న మనుష్యుడు గంటకు సుమారు అర ఘనమీటరు గాలిని పీల్చును. 140 మి.గ్రా. గల గాలి యైనచో గంటకు 70 మి.గ్రా. గ్లైకాల్ లోపలికి పోవును. పెద్దవానికి ప్రాణాంతకమగు 100 మి.లీ. గ్లైకాల్ బరువు సుమారు 111 గ్రాములు. ఈ లెక్కన అంత మోతాదు చేరుటకు 1,500 గంటలకు పైగా పట్టును. ఈలోపున శరీరము దానిని విసర్జించుచునే ఉండును. కాబట్టి పీల్చుటచేత మూత్రపిండములు చెడునంతటి విషము ఎక్కుట కారులో సాధారణముగా సంభవింపదు. కాని కండ్లమంట, గొంతుమంట, దగ్గు, తలనొప్పి కలుగవచ్చును. ఉబ్బసము గలవారికి, చిన్నపిల్లలకు బాధ ఎక్కువగును. తడిసిన తివాచీలో పెరుగు బూజు కూడ ఉబ్బసమును రేపును. మంచివాసనయే గదా యని రోజుల తరబడి ఓర్చుకొనుట తగదు.

అసలు ప్రమాదము

గ్లైకాల్ సులభముగ ఆవిరి కాకపోవుట మన ఊపిరితిత్తులకు రక్షణ. ఆ గుణమే మన చూపునకు శత్రువు. ముందు అద్దముపై పడిన తుంపరలోని నీరు ఆరిపోయినను గ్లైకాల్ ఆరదు. అంతేగాక గాలిలోని తేమను తనవైపు గుంజుకొనును. ఎదుటి కారు దీపపు వెలుతురు ఆ పొరమీద పడి నలుదిక్కుల చెదరగా, త్రోవయంతయు తెల్లని మసకగా కనబడును. మామూలు ఆవిరి యైనచో వెచ్చని గాలికి పోవును. ఇక్కడ హీటరు గాలిని పెంచినకొలది తుంపర పెరిగి మసక ఇంకను ఎక్కువగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగును. రెండు సెకనులు త్రోవ కనబడకున్నచో 33 మీటర్లు గ్రుడ్డిగా పోయినట్లే.

రెండవది కాలుట. కోర్ గాని, దాని గొట్టపు అతుకు గాని ఒక్కసారిగా పగిలినచో 90 డిగ్రీల ద్రవము కాళ్లపై పడి చర్మము కాలును. ఆవిరి లోపలంతట క్రమ్మును. మూడవది, ద్రవము తరిగినచో ఇంజను మితిమీరి వేడెక్కి నడిత్రోవలో ఆగిపోవును. మంచుదేశపు రాత్రియందు ఇది కూడ ప్రాణాపాయమే. తరిగినదని వట్టి నీరు పోయుచు పోయినచో మిశ్రమము పలుచబడి గడ్డకట్టును.

పోలికను చూచి పొరబడరాదు

కారులో తడి కనబడగానే కోర్ కారుచున్నదని అనుకొనరాదు. మన ప్రాంతములలో ఎక్కువసార్లు ఎయిర్ కండిషనరు నీరు పోవు గొట్టము పూడుకొనుటయే కారణము. ఆ నీటికి రంగును జిడ్డును ఉండవు. తెల్లకాగితము అద్ది చూచినచో నీరు ఆరిపోవును. కూలెంట్ జిడ్డుమరకను, రంగును విడుచును. రుచి చూచి తెలిసికొన యత్నింపరాదు.

అట్లే కార్బన్ మోనాక్సైడును దీనితో కలపరాదు. అది పొగగొట్టపు వాయువులలో ఉండును. రంగు, వాసన లేనిది. ఆక్సిజను కన్న 200 రెట్లకు పైగా బలముగ హిమోగ్లోబినుతో కూడును. హీటర్ కోర్ కారుటచేత అది పుట్టదు. అయితే గాలితో చల్లబడు ఇంజనుగల పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ వంటి కార్లలో పొగగొట్టపు వేడితోనే లోపలి గాలిని కాచెడివారు. అట్టివాటిలో చిల్లు పడినచో ఈ వాయువు లోపలికి రాగలదు. వాసన లేకయే తలనొప్పి, మత్తు కలిగినచో వెంటనే కారు ఆపి బయటికి రావలెను.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని సులభముగ చూపవచ్చును. రెండు గాజుపలకలను తీసికొని ఒకదానిపై నోటితో ఆవిరి ఊదవలెను. రెండవదానిపై గ్లిసరిను చుక్కను దూదితో పలుచగా రాయవలెను. గ్లిసరిను గ్లైకాల్‌కు దగ్గరి బంధువు, కాని దానివలె విషము కాదు. రెంటిని ఎండలో ఉంచినచో మొదటిది నిమిషములో తేటపడును. రెండవది మసకగానే ఉండును. ఆ పలక గుండ టార్చిదీపమును చూచినచో వెలుతురు ఎట్లు చెదరునో విద్యార్థులు స్వయముగ గ్రహింతురు. ఈ ప్రయోగమునకు కారులో పోయు కూలెంట్‌ను వాడరాదు.

ఏమి చేయవలెను?

త్రోవలో ఈ గుర్తులు కనబడినచో హీటరు ఫ్యాను కట్టి, కిటికీలు దించి, సురక్షితమైన చోట కారు ఆపవలెను. వేడిగానున్న రేడియేటరు మూత తీయరాదు. తీసినచో కుక్కరు మూతను ఒత్తిడితో తెరచినట్లగును. అద్దమును సబ్బునీటితో శుభ్రముగ కడుగవలెను. మెకానిక్ కోర్‌ను మార్చువరకు రెండు గొట్టములను ఒకదానితో నొకటి కలిపి కోర్‌ను తప్పించుట తాత్కాలికోపాయము. కాని అప్పుడు అద్దముపై మంచును కరగించు వెచ్చని గాలి ఉండదు గనుక చలిదేశములో ఇది ఎక్కువ దినములు పనికిరాదు. తడిసిన తివాచీని తీసి కడిగి ఆరవేయవలెను. అంతవరకు పిల్లలను ఆ కారులో ఎక్కింపరాదు. కండ్లలో పడినచో మంచినీటితో చాలసేపు కడుగవలెను. ఎవరైన మ్రింగినచో వాంతి చేయింపక వెంటనే ఆసుపత్రికి చేర్చి, ఏ ద్రవము మ్రింగెనో వైద్యునికి చెప్పవలెను.

తీయని వాసన గల ప్రతిదియు తినదగినది కాదు. విషమని పేరుపడిన ప్రతిదియు అన్ని మార్గముల ఒకే విధముగ చంపదు. మ్రింగినచో మూత్రపిండములకు, పీల్చినచో గొంతుకు, అద్దముపై పడినచో చూపునకు ఒకే పదార్థము హాని చేయుచున్నది. ఆ హాని ఏ త్రోవను వచ్చునో తెలిసికొనినవాడు అనవసరముగ భయపడడు. అవసరమైన చోట ఆలస్యము చేయడు.